కుడి తొడలో మందు

ఆ ల్యాబులో ఆవిడ అసలు పేరు జీతాలు రాసే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ ‘ఎందుకమ్మ’. మూడో అంతస్తులోని విషపరీక్షల విభాగంలో చేరిన మొదటిరోజే ‘ఈ సీసాలకి బూడిదరంగు మూతలే ఎందుకు పెడతారు?’ అని అడిగింది. వారం తిరిగేసరికి అలాంటివి ఓ నలభై అడిగింది. అంతే, పేరు అతుక్కుపోయింది. పదహారేళ్ళైనా ఆ ప్రశ్నలు తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరాయి. పెళ్ళైన కొత్తలో వాళ్ళాయన ముచ్చటపడి జవాబులు చెప్పేవాడు. ఇప్పుడు ‘మా అమ్మనడుగు’ అని పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడు.

ఆవిడ చేసే పని వింటే కొందరు కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. విమాన ప్రమాదాల్లో పోయినవాళ్ళ ఒంట్లో ఏయే మందులున్నాయో పరీక్షించి చెప్పడం ఆవిడ పని. విమానం కూలిందనగానే జనం ఇంజిన్ గురించీ రెక్కల గురించీ మాట్లాడుకుంటారు గానీ, నడిపేవాడు ఆ పొద్దున జలుబుకని మింగిన చిన్న మాత్ర కూడా కొంప ముంచగలదు. ఆ మాత్ర నేల మీద ఉన్నవాడికి ఒక ఆవులింత తెప్పిస్తుంది, అంతే. మూడువేల అడుగుల ఎత్తున ఆ ఆవులింతకి ప్రాణం పోతుంది. అందుకని పోస్ట్‌మార్టం డాక్టరు రక్తం, మూత్రం, కడుపులో ఉన్నది, కాలేయం, మెదడు, గుండె, తొడ కండరం, అన్నీ కొంచెం కొంచెం సీసాల్లో పెట్టి, ఐసు సర్ది, ఎర్ర పెట్టెలో పంపిస్తాడు. పోయినవాళ్ళు సాక్ష్యం చెప్పలేరని ఎవరన్నారో గానీ, అన్నవాళ్ళు ఎందుకమ్మ ల్యాబుకి ఎప్పుడూ రాలేదు.

ఈసారి వచ్చిన పెట్టె ఒక పైలట్‌ది. అడవుల్లో మంటలు లేస్తే పైనుంచి కనిపెట్టి కబురు చేసే చిన్న విమానం ఆయనది. రెండు గంటలు తిరిగి, దిగడానికి వస్తూ, రన్‌వే ఇంకో అరకిలోమీటరు ఉందనగా పక్కన ఖాళీ జాగాలో పడిపోయింది. విమానంలో ఆయన ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ పోయాడు. ఐదు వారాలు ఫ్రిజ్‌లో వంతు కోసం ఎదురుచూసి ఆయన పెట్టె ఎందుకమ్మ బల్ల మీదికి వచ్చింది. దాంతో పాటే ఒక ఫారం. ‘మృతి: తక్షణం. ఘటనాస్థలంలో ఇచ్చిన చికిత్స: ఏమీ లేదు.’ కింద విమానాశ్రయం అంబులెన్సులో పనిచేసే అతని సంతకం, గుండ్రంగా, బడిపిల్లాడు పెట్టినట్టు.

రక్తాన్ని శుభ్రం చేసి యంత్రంలోకి పంపితే, అందులో ఏ పదార్థం ఉంటే దానికి తెర మీద ఒక గీత లేస్తుంది. ఏ మందుకి ఏ నిమిషాన గీత లేవాలో ఎందుకమ్మకి కంఠతా వచ్చు. మొదట కాఫీ గీత లేచింది. అది దాదాపు అందరికీ లేస్తుంది, ఆవిడకి కూడా లేస్తుంది. కాసేపాగి ఇంకోటి లేచింది. ఎందుకమ్మ ముందుకి వంగింది.

మిడజోలామ్. మత్తుమందు. ఆపరేషన్ బల్ల మీద పేషెంటుకి భయం తెలియకుండా ఇస్తారు. ఫిట్స్ ఆపడానికి ఇస్తారు. కొన్నిచోట్ల నిద్రమాత్రగా కూడా దొరుకుతుంది. విమానం నడిపేవాడి ఒంట్లో ఉండకూడని మందుల పట్టీ రాస్తే ఇది మొదటి పేజీలోనే ఉంటుంది.

ఇక్కడే పెద్దసారు పప్పులో కాలేశాడు. పెద్దసారంటే ఆ విభాగానికి అధికారి. మంచివాడే. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది, ఈలోపు ఏ ఫైలూ తన బల్ల మీద రాత్రి నిద్రచేయకూడదని ఆయన పట్టుదల. ప్రమాదం మీద విచారణ జరుపుతున్న అధికారి రోజూ ఫోన్ చేసి ‘ఏమైంది, ఏమైంది’ అని ప్రాణం తీస్తుంటే విసిగిపోయి, ‘ఏదో నిద్రమందు కనిపిస్తోందండీ, పూర్తి రిపోర్టు శుక్రవారం ఇస్తాం’ అనేశాడు. మొదటి పరీక్షలో తేలింది రెండో పరీక్ష అయ్యేదాకా బయట అనకూడదు. ఆ రూలు గోడ మీద ఫ్రేము కట్టి ఉంది. ఫ్రేము కట్టించింది పెద్దసారే.

అన్న మాట ఊరుకుంటుందా? విచారణాధికారి మర్నాడే పైలట్ ఇంటికెళ్ళి, ‘మీ ఆయన నిద్రమాత్రలు వేసుకునేవాడా?’ అని భార్యని అడిగాడు.

మంగళవారం పదకొండు గంటలకి ఆ భార్య ల్యాబు మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఒక రేకు బిస్కట్ల డబ్బా. వరండాలో సెక్యూరిటీ అతను అడ్డుపడి, ‘ఇక్కడికి ఇంట్లోవాళ్ళు రాకూడదమ్మా’ అని చిలక్కి చెప్పినట్టు చెబుతుంటే, ఆ గొడవేమిటో చూద్దామని ఎందుకమ్మ బయటికి వచ్చింది. చూడకుండా ఉంటే ఆవిడ ఎందుకమ్మ ఎలా అవుతుంది?

“మా ఇంట్లో ఉన్న మందులన్నీ ఇవే,” అని పైలట్ భార్య డబ్బా మూత తీసింది. తలనొప్పి బామ్, మూత ఎండిపోయి అంటుకుపోయిన దగ్గుమందు, కాలిన గాయాలకి రాసే ట్యూబు, ఆవిడ థైరాయిడ్ మాత్రలు, కంట్లో వేసుకునే చుక్కలు. “చూసుకోండి. ఇందులో నిద్రమాత్ర ఏది?”

“ఇవి మేం తీసుకోకూడదండీ.”

“తీసుకోవద్దు. చూడండి చాలు.” ఆవిడ డబ్బా ముందుకి తోసింది. “తలనొప్పి వస్తే టోపీ బిగువైందనేవాడు గానీ మాత్ర వేసుకునేవాడు కాదు. అలాంటి మనిషి నిద్రమాత్ర మింగి విమానం ఎక్కాడంటున్నారు. సరే, మింగాడనే అనుకుందాం. మింగాడని తేలితే చెప్పేయండి, తట్టుకుంటాను. కానీ పక్కలో పడుకున్నదాన్ని, నాకు తెలియకుండా ఎన్నాళ్ళు మింగాడు? నేనిన్నేళ్ళు ఎవరితో కాపురం చేశాను? నాకు అదొక్కటి చెప్పండి మేడమ్.”

ఎందుకమ్మ పదహారేళ్ళుగా సీసాల్ని ప్రశ్నలడిగింది గానీ, సీసా తాలూకు మనిషి ఎదురుగా నిలబడి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. “శుక్రవారం రండి,” అంది. అనేశాక, అలా అనకూడదని గుర్తొచ్చింది. దాంతో రూలు తప్పినవాళ్ళు ఇద్దరయ్యారు.

లోపలికొచ్చి పనిలో పడింది. మందు ఉందన్నది నిజం. రెండోసారి చేసినా వచ్చింది, మూడోసారి చేసినా వచ్చింది. మరి ఎప్పుడు వెళ్ళింది లోపలికి? అది తెలుసుకునే దారి ఒకటుంది. మందు ఒంట్లోకి వెళ్ళగానే కాలేయం ఊరుకోదు, దాన్ని కొంచెం కొంచెంగా ఇంకో రూపంలోకి మార్చేస్తుంది. ఆ రెండో రూపం ఎంత పోగుపడిందో చూస్తే, మందు వెళ్ళి ఎంతసేపైందో సుమారుగా అంచనా కట్టొచ్చు. పైలట్ రక్తంలో ఆ రెండో రూపం ఉందా అంటే ఉంది. ఎంత? చిటికెడు. కొలవడానికే యంత్రం నానా తంటాలూ పడింది.

మూత్రం చూసింది. సున్నా. ఆయన గాల్లో ఉన్నదే రెండు గంటలు. బయల్దేరే ముందు మాత్ర మింగి ఉంటే ఆ రెండు గంటల్లో మూత్రంలో కనిపించి తీరాలి. అంటే పోయే ముందు కొద్ది నిమిషాల్లోనే మందు లోపలికి వెళ్ళింది. అంటే విమానం నడుపుతూ, దిగబోతూ, అప్పుడు మింగాడా? ఎవడైనా ఇంటి గుమ్మం దగ్గరికొచ్చి నిద్రమాత్ర వేసుకుంటాడా? పోనీ వేసుకున్నాడే అనుకుంటే మాత్ర ఇంకా కడుపులోనే ఉండాలి. కడుపులో ఉన్నది తీసిన సీసా తెరిచింది. కాఫీ, రొట్టె ముక్కలు. మందు జాడే లేదు.

నోటి ద్వారా వెళ్ళలేదు, కానీ రక్తంలో ఉంది. ఎందుకమ్మకి ఇలాంటప్పుడు ఆకలి వెయ్యదు. భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్ళి అత్తగారి చేత తిట్లు తింది.

బుధవారం మిగతా సీసాల వంతు. మెదడులో కొంచెం ఉంది, గుండె కండరంలో కొంచెం ఉంది, రెండూ రక్తానికి తగ్గట్టే ఉన్నాయి. ఆఖరున తొడ కండరం ముక్కని కత్తెరతో సన్నగా కత్తిరించి, నూరి, యంత్రంలో పెట్టింది. గీత లేచింది. లేచి, తెర పైఅంచు దాటి పోయింది. రక్తంలో ఉన్నదానికి రెండొందల రెట్లు.

“గిన్నె సరిగ్గా కడగలేదేమో,” అన్నాడు పెద్దసారు, వెనకనుంచి తొంగిచూసి.

“నేనే కడిగానండీ.”

“అయితే చెయ్యి తగిలుంటుంది. మందు సీసా ముట్టుకున్న చేత్తో కత్తెర పట్టుకుని ఉంటావు.”

ఎందుకమ్మకి చుర్రుమంది. పదహారేళ్ళలో ఆవిడ గిన్నె మీద మాట పడలేదు. పైకి ఏమీ అనకుండా కొత్త కత్తెర, కొత్త గిన్నె, కొత్త గ్లవ్స్ తీసింది. ముందు ఉత్త నీళ్ళు యంత్రంలో పెట్టి, ఏమీ లేవకపోవడం పెద్దసారుకి చూపించింది. తర్వాత అదే తొడ ముక్కలోంచి ఇంకో చిన్న ముక్క కోసి పెట్టింది. గీత మళ్ళీ తెర దాటి పోయింది. పెద్దసారు ‘హూఁ’ అని తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ ‘హూఁ’ ఒప్పుకోవడమో కాదో ఎందుకమ్మకి తెలియలేదు గానీ, ఆవిడ దాన్ని ఒప్పుకోవడం కిందే జమ కట్టుకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విడుస్తూనే అడిగింది: “అత్తయ్యా, ఫిట్స్‌కి వాడే మత్తుమందు ఒంట్లో అంతటా చిటికెడు చిటికెడే ఉండి, ఒక్క తొడలోనే బోలెడు ఉందంటే ఏమిటర్థం?”

అత్తగారు ముప్పైయేళ్ళు అత్యవసర వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఉల్లిపాయలు తరుగుతోంది. తల కూడా ఎత్తలేదు. “ఇంత చదువు చదివావు, అది కూడా తెలీదా? సూది పొడిచారు.”

“చేతికి పొడవొచ్చుగా? నరానికి ఎక్కించొచ్చుగా?”

“ఫిట్స్ వచ్చి ఎగిరెగిరిపడేవాడికి నరం నువ్వు పట్టుకుంటావా? తొడ ఒకటే దొరుకుతుంది. ప్యాంటు విప్పే టైము కూడా ఉండదు, గుడ్డ మీదనుంచే కసుక్కున పొడిచేస్తాం. పొడిచేవాళ్ళకి ఏ తొడ దగ్గరైతే ఆ తొడకి.” కత్తి ఆపి కోడలి మొహంలోకి చూసింది. “ఎవరికే?”

“చెప్పకూడదు అత్తయ్యా.”

“చెప్పకూడనిది అడక్కూడదు కూడాను,” అని అత్తగారు మళ్ళీ ఉల్లిపాయల మీద పడింది. కానీ రెండు నిమిషాలాగి తనే అంది: “ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. సూది పొడిచాక మందు రక్తంలోకి వెళ్ళాలంటే గుండె కొట్టుకుంటూ ఉండాలి. పోయినవాడికి పొడిస్తే అది పొడిచినచోటే ఉండిపోతుంది.”

ఎందుకమ్మ అక్కడే కూలబడింది. రక్తంలో ఉంది. మెదడులో ఉంది. కాలేయం చిటికెడు మార్చింది కూడా. మార్చడానికి టైము దొరికింది.

గురువారం పొద్దున్నే పోస్ట్‌మార్టం డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయనకి ఫోనంటే పడదు, ఎందుకమ్మ ఫోనంటే అసలు పడదు.

“తొడ కండరం ఏ కాలిదండీ?”

“కుడి. ఎప్పుడూ కుడే. నేను బల్లకి అటువైపు నిలబడతాను కాబట్టి కుడి. ఎడమ తీయాలంటే చుట్టూ తిరిగి వెళ్ళాలి, నాకు మోకాళ్ళ నొప్పులు. ఇంకేమైనా?”

“కుడి తొడ మీద సూది గుర్తు ఉందాండీ?”

“ఒళ్ళంతా గాయాలమ్మా అతనికి! అందులో చీమ కుట్టినంత చుక్క నాకు కనపడాలా?” అని కసురుకున్నాడు. కసురుకుని, ఫోన్ పెట్టెయ్యకుండా ఫోటోలు తిరగేశాడు. కంప్యూటర్ మీద పెద్దవి చేసుకుంటూ సణుగుతున్న చప్పుడు ఇవతలికి వినిపిస్తూనే ఉంది. చివరికి గొంతు మార్చి అన్నాడు: “ఉందమ్మా. గీరుడని రాశాను నేను. గీరుడు కాదు. చుక్క చుట్టూ కొంచెం నెత్తురు కమిలి ఉంది. పంపిస్తున్నాను, చూడు.”

ఫోటో వచ్చింది. ఎందుకమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఎవరో ఆయన దగ్గరికి వెళ్ళారు. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. సూది వేశారు, ఆ తర్వాత కూడా ఆయన గుండె కొన్ని నిమిషాలు కొట్టుకుంది. మరి ఈ ఫారమేమో తక్షణం అంటుంది, చికిత్స ఏమీ లేదంటుంది. అలా రాయాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

ఇంతవరకూ హుషారుగా పరిగెత్తుకొచ్చిన మనిషి ఇక్కడ ఆగిపోయింది. ఇది బయటపెడితే పైలట్ మీద పడ్డ నింద పోతుంది. కానీ ఐదారు వారాలుగా ఆ భార్య, తన భర్త నొప్పి తెలియకుండా రెప్పపాటులో పోయాడనుకుంటూ ఏదో కొంత ఊరట పడుతూ ఉంటుంది. ఆ ఊరటా పోతుంది. ఏం చెయ్యాలో పాలుపోక ఎందుకమ్మ తల పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ అడిగింది ఊరట కాదు. ఎవరితో కాపురం చేశానని అడిగింది.

లేచి పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

“మన పని ఏముందో చెప్పడం,” అన్నాడు పెద్దసారు అంతా విని. “అదెలా వచ్చిందో చెప్పడం కాదు. మందు ఉందని రాసి ఇచ్చేద్దాం. మిగతాది వాళ్ళు చూసుకుంటారు.”

“ఎలా వచ్చిందో చెప్పకుండా ఏముందో చెప్పబట్టే కదండీ ఆవిడ డబ్బా పట్టుకుని మెట్లెక్కింది?”

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడిచాడు. మచ్చ లేకపోయినా తుడిచాడు. ఫోన్లో నోరు జారినప్పటినుంచీ ఆయనకీ లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉందని ఎందుకమ్మకి అప్పుడర్థమైంది. ఫోన్ తీసి, విమానాశ్రయానికి ఆయనే డయల్ చేశాడు.

జవాబు ఉత్తరంలో వస్తుందనుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి ఫారం మీద సంతకం పెట్టిన మనిషే వచ్చేశాడు. యాభై దాటినవాడు, భారీ మనిషి, యూనిఫాం టోపీ రెండు చేతుల్లో నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. అంబులెన్సులో ఇరవయ్యేళ్ళుగా పనిచేస్తున్నాడట.

“మీకెలా తెలిసిందండీ?” అన్నాడు.

“ఆయన తొడ చెప్పింది,” అంది ఎందుకమ్మ. “కూర్చోండి.”

కూర్చుని, టోపీకే చెబుతున్నట్టు చెప్పాడు. విమానం పడ్డ నాలుగు నిమిషాలకి అతను వెళ్ళాడు. పైలట్ సీట్లో ఇరుక్కుని ఉన్నాడు, స్పృహలో ఉన్నాడు, ఇతన్ని గుర్తుపట్టాడు కూడా. రెండు మాటలు చెప్పాడు. ఆ తర్వాత ఫిట్స్ మొదలయ్యాయి. చేతికందిన తొడకి సూది వేశాడు. కొట్టుకోవడం ఆగింది. ఆ తర్వాత ఎంత చేసినా మనిషి దక్కలేదు. తను అక్కడికి చేరిన దగ్గర్నుంచి మొత్తం పదకొండు నిమిషాలు.

“మరి ఫారంలో అలా ఎందుకు రాశారు?”

“ఆవిడ వచ్చి నా చొక్కా పట్టుకుందండీ. ‘నొప్పి పుట్టిందా అన్నా, బాధపడ్డాడా?’ అని అరుస్తోంది. నేనేం చెప్పను? ‘లేదమ్మా, తక్షణమే పోయాడు, ఏమీ తెలియలేదు’ అన్నాను. ఇరవయ్యేళ్ళుగా అందరికీ అదే చెబుతున్నాను, మా పనిలో అందరం అదే చెబుతాం. కానీ ఫారం కాపీ ఇంటివాళ్ళకి వెళుతుంది కదా. అందులో సూది వేశానని ఉంటే నా మాట అబద్ధమని తెలిసిపోతుంది. అందుకని మాటకి తగ్గట్టు ఫారం రాసేశాను. మా మందుల లెక్కలో ఆ సీసా పగిలిపోయిందని రాసుకున్నాను. అది ఇలా ఆయన మెడకే చుట్టుకుంటుందని నాకేం తెలుసండీ!” పెద్ద మనిషి, టోపీలో మొహం పెట్టుకుని ఏడ్చేశాడు.

పెద్దసారు మంచినీళ్ళు తెప్పించాడు. “ఆయన రెండు మాటలు చెప్పాడన్నావు. ఏమన్నాడు?”

“‘ఇంజిన్ రెండుసార్లు ఆగింది. రాసుకో’ అన్నాడండీ.”

ఇంజిన్ ఆగిందని పోయిన మనిషే చెప్పి పోతే, తక్షణం పోయినవాడు మాట్లాడాడని చెప్పలేక ఇతను ఆ మాటని ఇన్నాళ్ళు గుండెలో పెట్టుకు తిరిగాడు. విచారణవాళ్ళేమో ఇంజిన్ని వదిలేసి నిద్రమాత్రల వెంట పడ్డారు. పెద్దసారు అప్పటికే ఫోన్ అందుకుని విచారణాధికారి నంబరు నొక్కుతున్నాడు.

“రెండో మాట?” అంది ఎందుకమ్మ.

అతను తల అడ్డంగా ఊపాడు. “అది ఆవిడదండీ. ముందు ఆవిడకే చెప్పాలి. కాగితంలో చదువుకోనివ్వకండి, నేనే చెబుతాను.”

ఎందుకమ్మకి నాలుక చివరిదాకా వచ్చింది ప్రశ్న. మింగేసింది. ఆవిడ జీవితంలో మింగిన మొదటి ప్రశ్న అదేనని నా అనుమానం.

శుక్రవారం పైలట్ భార్య వచ్చింది. విచారణాధికారి సరేనన్నాక కింది అంతస్తులో, విజిటర్ల గదిలో కూర్చోబెట్టారు. రెండు బెంచీలు, ఒక బల్ల, గోడకి ఆగిపోయిన గడియారం, అవతలి బెంచీ చివర అంబులెన్సతను. ఎందుకమ్మ ముందు తన వంతు చెప్పింది. ఆయన ఏ మాత్రా వేసుకోలేదు, ఆ రోజే కాదు, అంతకు ముందు రోజుల్లో కూడా వేసుకున్న గుర్తు ఎక్కడా లేదు. ఆ మందు ప్రమాదం తర్వాత ఇచ్చిన సూదిలోది.

పైలట్ భార్య కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. “అదీ. నాకు తెలుసు. నాకు తెలుసు ఆయన,” అంది. వెంటనే కళ్ళు తెరిచింది. “తర్వాతా? తర్వాత సూది వేశారా? అంటే అప్పటికి...”

అంబులెన్సతను లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే ధైర్యం లేకపోయింది కాబోలు. “నేను అబద్ధం చెప్పానమ్మా. ఆయన వెంటనే పోలేదు. నేను వెళ్ళాక పదకొండు నిమిషాలున్నాడు.”

ఆవిడ మొహం ఎర్రబడింది. “పదకొండు నిమిషాలు! విమానాశ్రయం పక్కనున్న మా క్వార్టర్సు నుంచి నేను పరిగెత్తుకొచ్చింది ఎంతలో? కంచె దగ్గర ఇద్దరు మనుషుల్ని పెట్టి నన్ను పట్టి ఆపించావు నువ్వు! ఇటు లాగి, అటు లాగి... ఆయన ఇంకా ఉన్నాడన్నమాట అప్పటికి! ఉండగా నన్ను పోనివ్వలేదన్నమాట! ఆఖరిచూపు దక్కనివ్వలేదని నిన్ను తిట్టని పూట లేదు నేను. తక్కువ తిట్టాను!”

“తిట్టమ్మా. తిట్టు. కానీ ఆపమన్నది నేను కాదు.” అతను టోపీ వంక చూస్తూ పైలట్ మాటలు అప్పజెప్పాడు. “‘ఈ చప్పుడు మా ఆవిడకి వినపడి ఉంటుంది’ అన్నాడు. ‘చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తుంది చూడు. ఇక్కడంతా అద్దం పెంకులు, రేకు ముక్కలు. కాళ్ళు తెగ్గోసుకుంటుంది. కంచె దగ్గరే ఆపండి’ అన్నాడు. మనుషుల్ని పంపినదాకా నా చెయ్యి వదల్లేదు.”

“చెప్పుల సంగతి ఆయనే అన్నాడా?” అంది ఆవిడ.

“ఆయనేనమ్మా.”

“ఆవేళ నిజంగానే చెప్పుల్లేకుండా వచ్చాను. పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు, ఒక్కసారీ విన్లేదు...” అంటూ నవ్వబోయి, బల్ల మీద తల పెట్టుకుని భోరుమంది. ఎందుకమ్మ వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. తన కళ్ళు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి ఉంది కదా, అదీ వాడుకుంది.

ఇక తనుండకూడదనుకుని అంబులెన్సతను టోపీ పెట్టుకుని గుమ్మం వైపు కదిలాడు. పైలట్ భార్య తల ఎత్తింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

“ఎక్కడికి? కూర్చో,” అంది. “పదకొండు నిమిషాలన్నావుగా. పదకొండూ చెప్పు.”